బావి తాత, చెరువు మట్టి

అమ్మలూ, చిన్నోడా,

ఈ ఉత్తరం మీకు అందేసరికి మీ అమెరికాలో పన్ను లెక్కలు అప్పజెప్పే గడువు, ఏప్రిల్ 15, దాటిపోతుందేమో. మొన్న వీడియో కాల్‌లో మీ నాన్న వెనకాల టేబుల్ నిండా కాగితాలు పరుచుకుని తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే అమ్మలు ఫోను దగ్గరికి లాక్కుని గుసగుసగా అడిగింది: "తాతయ్యా, మా క్లాసులో అబ్బాయి వాళ్ళ నాన్న లిబర్టేరియన్ అట, అంటే సర్కారు మనుషుల జోలికి వీలైనంత తక్కువ రావాలనేవాడట. పన్నంటే దొంగతనమేనట. దొంగకి చేయందించడం కూడా తప్పే కదా, మరి నాన్న ఎందుకు కడుతున్నాడు?" తర్వాత చెప్తాలే అని తప్పించుకున్నా. జవాబు తెలియకే తప్పించుకున్నా. వారం రోజులు నమిలి ఇప్పుడు రాస్తున్నా, అయినా సగమే మింగుడు పడింది.

ముందు ఆయన మాటకి విలువిద్దాం. నీ టిఫిన్ బాక్స్‌లో పులిహోర ఉంది. పక్కపిల్ల ఆకలితో ఉంది. ఎవరో వచ్చి నిన్ను అడక్కుండా సగం తీసి ఆ పిల్లకి పెట్టారు. మంచి పనే, కానీ అడక్కుండా తీశారు. సరే, ఒక్కరు తీస్తే తప్పు. క్లాసులో ఇరవైమంది చేతులెత్తి "తియ్యొచ్చు" అంటే ఒప్పవుతుందా? ఎన్ని చేతులు లేస్తే తప్పు ఒప్పవుతుంది? ఆయన అడిగేది ఇదే. కొట్టిపారేసే ప్రశ్న కాదమ్మా. రాబర్ట్ నోజిక్ అని మీ దేశపు తత్వవేత్త ఒకాయన 1974లో, సంపాదన మీద పన్నువెయ్యడం బలవంతపు చాకిరీతో సమానమని రాశాడు. పెద్ద పెద్దవాళ్ళే దానికి సమాధానం వెతుక్కున్నారు.

నాకు మాత్రం మా ఊరి చెరువు గుర్తొస్తుంది.

మాది నల్లరేగడి నేల. ఊళ్ళో ఏ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. తాగడానికి చెరువొక్కటే దిక్కు. ఏటా ఎండాకాలం చెరువు అడుగంటగానే తలయారి చాటింపు వేసేవాడు, ఇంటికో మనిషి పార, గంప పట్టుకుని రావాలని. మనిషిని పంపలేనివాళ్ళు కూలి డబ్బులివ్వాలి. కాలవ నీళ్ళు వదిలేలోపు పూడిక తీసెయ్యాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నకి జ్వరమొస్తే మా ఇంటి తరఫున నేనే వెళ్ళా. గంప మోస్తుంటే మట్టి చెంపల మీదుగా కారేది. చల్లగా ఉండేది, చేపల వాసన వేసేది. ఆ మట్టిలో ఒక ఇత్తడి చెంచా దొరికింది నాకు. ఎవరిదో తెలియదు, ఇప్పటికీ మీ నాయనమ్మ పోపులపెట్టెలో ఉంది.

ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే తియ్యటి నీళ్ళ బావి. ఆ ఇంటాయన్ని మేం బావి తాత అనేవాళ్ళం. ఆయన మట్టి మొయ్యడానికి రాడు, డబ్బులూ ఇవ్వడు. "మీ చెరువు నీళ్ళు నేను తాగను. తాగనివాడు ఎందుకు మొయ్యాలి?" అనేవాడు. పోనీ ఆయన గొడ్లు? అవి చెరువు గట్టు దిగి కడుపునిండా తాగేవి. వాటికి సిద్ధాంతాలు తెలియవు కదా. ఊరివాళ్ళు ఇంకో మాట కూడా అనేవాళ్ళు: చెరువు పక్కనే ఉండబట్టి దాని ఊటే ఆయన బావిలోకి దిగుతోంది, తీపి అందుకే అని. నిజమో కాదో ఎవరూ తవ్వి చూడలేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే కథ నాకు బాగానే కలిసొస్తుంది. ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టే.

ఊరు ఊరుకుందా? ఆయనకి చాకలిని, మంగలిని ఆపేశారు. డెబ్బయ్యేళ్ళ మనిషి గడ్డం గీయించుకోవడానికి పక్క ఊరికి ఎండలో నడిచి వెళ్ళడం నేను చూశా. మేం పిల్లలం వెనకాల కేకలు కూడా వేశాం. ఆ కేకలు తలుచుకుంటే ఇప్పటికీ మొహం చెల్లదు. ఇంకోటి. మా అందరికంటే ఎక్కువ గంపలు మోసింది పల్లెవాళ్ళు, అంటే ఊరి బయట ఉంచిన దళితులు. ఆ చెరువులో బిందె ముంచడానికి వీల్లేనిది కూడా వాళ్ళకే. పైనుంచి ఎవరైనా పోస్తే పట్టుకోవాలి. "మేం మొయ్యం" అనడానికి ఊళ్ళో అందరికంటే ఎక్కువ కారణం ఉన్నది వాళ్ళకి. అన్నది మాత్రం బావి తాత.

అందుకే పన్ను కట్టనన్నవాణ్ణి చూస్తే ముందు నా కళ్ళు ఆ రెండు వైపులకీ పోతాయి.

మీ దేశంలోనే హెన్రీ డేవిడ్ థోరో అని ఉండేవాడు, మసాచుసెట్స్‌లో కాంకర్డ్ ఊరివాడు. తలపన్ను కట్టడం మానేశాడు. బానిసత్వాన్ని కాపాడే, మెక్సికో మీద యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి తన డబ్బు ఇవ్వనన్నాడు. 1846 జులైలో ఒకరోజు, కుట్టడానికిచ్చిన బూటు తెచ్చుకుందామని బయల్దేరితే పట్టుకుని జైల్లో పెట్టారు. ఒక్క రాత్రే. ఎవరో ఆయన తరఫున కట్టేశారు. బయటికొచ్చి ఏం చేశాడనుకున్నారు? బూటు తెచ్చుకుని, తొడుక్కుని, జనంతో కలిసి కొండ మీదికి అడవిపళ్ళు కొయ్యడానికి పోయాడు! నాకు బాగా నచ్చినది వేరే ఉంది. అదే మనిషి రోడ్డు పన్ను మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఇరుగుపొరుగుకి మంచివాడిగా ఉండాలని కట్టేవాడట. చెరువు మట్టి మోశాడు, తుపాకీ మందుకి మాత్రం ఇవ్వలేదు.

మన గుంటూరు జిల్లా వాళ్ళకి ఇది కొత్త సంగతి కూడా కాదు. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి తెల్లదొరలు పన్నులు పెంచేస్తే, 1921లో జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరే ఖాళీ చేశారు. మీ క్లాసబ్బాయి నాన్నతో ఎవరో ఒకరు అనే ఉంటారు, "ఇష్టం లేకపోతే దేశం వదిలిపో" అని. వీళ్ళు నిజంగా వదిలిపోయారు. ఊరి పొలిమేర అవతల పాకలేసుకుని, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు ఎండా వానా అక్కడే. వదిలిపొమ్మనడం ఎంత తేలికో, వదలడం ఎంత కష్టమో వాళ్ళని అడగాలి.

ఆ మరుసటి ఏడాది జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో, జనం భూమి శిస్తు కట్టేది లేదన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి గారు నాయకుడు. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. జప్తుకి వస్తున్నారంటే గొడ్లని పక్క ఊళ్ళకి తోలేసేవాళ్ళు. మా తాత ఇత్తడి గంగాళాన్ని గడ్డివాములో దాచి, నెలరోజులు కుండల్లో నీళ్ళు కాచుకున్నాడట. జప్తు చేసినవి వేలం వేస్తే పాడేవాడు లేడు. అదే ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల్ని మేపుకోవడానికి వేసిన పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. గాంధీగారు ఉద్యమం ఆపెయ్యమనగానే పెదనందిపాడులో మళ్ళీ శిస్తు కట్టారు. మా తాతా కట్టాడు. పన్నే తప్పని వాళ్ళు అనలేదు, తాము ఎన్నుకోని సర్కారుకి కట్టేది లేదన్నారు. మీ లిబర్టేరియన్ గారు ఎన్నుకున్నదానికి కూడా ఆ హక్కు లేదంటాడు. రెండూ ఒకటి కావు, కలిపెయ్యకండి.

అలా అన్నవాళ్ళలో మాట మీద నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. కార్ల్ హెస్ అని ఒకాయన 1964 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌కి ప్రసంగాలు రాసిచ్చినవాడు. పన్ను కట్టనని పన్నులవాళ్ళకే చెప్పేశాడు. ఆయన చేతికొచ్చే ప్రతి డాలరూ వాళ్ళు పట్టుకునేలా చేశారు. వెల్డింగ్ నేర్చుకుని, పనికి పని, వస్తువుకి వస్తువు మార్చుకుంటూ బతికాడు. ఆయన వాదం నాకు పూర్తిగా ఎక్కదు. మనిషికి మాత్రం లేచి నమస్కారం పెడతా. కానీ వాళ్ళల్లోనే చాలామంది ఇలా అంటారు: దారిదోపిడీ వాడికి పర్సు ఇచ్చినవాడిది తప్పెలా అవుతుంది? పెళ్ళాంబిడ్డలున్నవాడు కట్టేసి, నోటితో కాదంటే చాలు. మీ నాన్న కట్టడం తప్పు కాదని ఆ లెక్కన వాళ్ళూ ఒప్పుకున్నట్టే కదా!

అన్నట్టు మీ నాన్నకి కట్టాలా మానాలా అని ఆలోచించే వీలు కూడా పెద్దగా లేదు. 1943 నుంచీ మీ దగ్గర జీతం చేతికి రాకముందే పన్ను కోసేస్తున్నారు. ఈ టేబుల్ నిండా కాగితాలన్నీ ఎక్కువ కోశారా, తక్కువ కోశారా అని చూసుకోవడానికే. ఈసారి జీతం స్లిప్పు అడిగి తీసుకుని ఒక్కో గీతా చదవండి. సోషల్ సెక్యూరిటీకి నూటికి 6.2, మెడికేర్‌కి 1.45 కనిపిస్తుంది. అది ముఖ్యంగా మీ దేశపు ముసలివాళ్ళ పింఛనుకి, వైద్యానికి. చిన్నోడు ఆ గీతలన్నీ ఒక కాగితం మీద ఎక్కించి, ఏది చెరువు మట్టో, ఏది కాదో తనకి తోచినట్టు టిక్కు పెట్టాలి. నాన్నని అడక్కూడదు.

అమ్మలూ, నీకు వేరే పని. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ఎప్పుడైనా తీరిగ్గా కనిపిస్తే మర్యాదగా అడుగు, "అంకుల్, మీరు కడుతున్నారా, మానేశారా? మానేస్తే ఆ డబ్బు ఏం చేస్తున్నారు?" అని. చెప్పకపోతే ఊరుకో, గుచ్చి గుచ్చి అడక్కు. చెప్తే మాత్రం ఉన్నదున్నట్టు నాకు రాయి. బావి తాతని ఆ మాట అడుగుదామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి నేను.

ఆశీస్సులతో,
తాతయ్య