ఎక్లోగైట్ మీద పనిచేసేవాళ్ల అపోహలు, వాస్తవాలు: ప్రోబ్ టేబుల్‌లోని ఇనుము

అపోహ: ప్రోబ్ ఇచ్చిన అంకెలు గార్నెట్-ఓంఫసైట్ థర్మోమీటర్‌లో వేస్తే రాయి ఉష్ణోగ్రత వచ్చేస్తుంది.

ఎక్లోగైట్ అంటే భూమి లోతుల్లో అధిక పీడనంలో ఏర్పడే రాయి; గార్నెట్, ఓంఫసైట్ అందులోని ప్రధాన ఖనిజాలు. ప్రోబ్ అంటే ఎలక్ట్రాన్ బీమ్‌తో ఖనిజంలోని మూలకాలను కొలిచే యంత్రం. థర్మోమీటర్ అంటే ఆ రెండు ఖనిజాలు ఇనుము, మెగ్నీషియం పంచుకున్న తీరు నుంచి ఉష్ణోగ్రత కట్టే సూత్రం. మా ల్యాబ్‌లో ఈ మాట వినని నెల లేదు. మొన్న ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచేలోపే కళ్లలో నీళ్లు. తన ఎక్లోగైట్‌కు 700 డిగ్రీలు వస్తోంది, అదే చోట తీసిన నమూనాకు సీనియర్ 560 రాశాడు. "శాంపిల్ పాడైందా సార్? మళ్లీ లద్దాఖ్ వెళ్లాలా?" అంది. పాపం, ఫెలోషిప్ అయిపోవస్తోంది, ఆ టెన్షన్ నాకు తెలుసు. శాంపిల్‌కు ఏమీ కాలేదమ్మా, తేడా అంతా ఇనుములో ఉంది.

మామూలు ప్రోబ్ విశ్లేషణ మొత్తం ఇనుమునే కొలుస్తుంది. అందులో ఫెర్రస్ (రెండు ఛార్జీల ఇనుము) ఎంత, ఫెర్రిక్ (మూడు ఛార్జీలది) ఎంత అన్నది చెప్పదు. టేబుల్‌లో అంతా ఫెర్రస్ ఆక్సైడ్‌గా చూపడం రాసుకునే పద్ధతి, అంతే. కానీ ఓంఫసైట్‌లో సోడియం అల్యూమినియంతో జేడైట్ అనే భాగంగా కుదురుకున్నట్టే, ఫెర్రిక్ ఇనుముతో ఏజిరీన్ అనే భాగంగానూ కుదురుకుంటుంది. థర్మోమీటర్ లెక్కలోకి రావాల్సింది ఫెర్రస్ ఒక్కటే.

ఆమె లెక్కే చూడండి. ఆరు ఆక్సిజన్లకు ఓంఫసైట్‌లో ఇనుము 0.12, మెగ్నీషియం 0.45. గార్నెట్‌లో ఇనుము-మెగ్నీషియం నిష్పత్తి 2.5, కాల్షియం వాటా 0.25. ఓంఫసైట్ ఇనుమంతా ఫెర్రస్ అనుకుంటే కేడీ (గార్నెట్ ఇనుము-మెగ్నీషియం నిష్పత్తిని ఓంఫసైట్ నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) 9.4. 20 కిలోబార్ల దగ్గర ఎల్లిస్-గ్రీన్ 1979 థర్మోమీటర్ సూత్రం దాదాపు 700 డిగ్రీలు ఇస్తుంది. అందులో సగం ఫెర్రిక్ అని పెట్టండి, కేడీ 18.8 అవుతుంది, ఉష్ణోగ్రత దాదాపు 560కి దిగుతుంది. సీనియర్ అలాగే సగం పెట్టుకున్నాడు, ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

ఖనిజంలో ధన, రుణ ఛార్జీలు సరిపోవాలన్న ఛార్జ్ బ్యాలన్స్‌తో ఫెర్రిక్ లెక్కకట్టొచ్చు. కానీ సిలికా, సోడియం కొలతల్లోని పొరపాట్లన్నీ వచ్చి దాని మీదే పడతాయి. నా పీహెచ్‌డీలో ఓంఫసైట్ మీద బాగా సన్నని బీమ్ వాడాను. బీమ్ వేడికి సోడియం అక్కడి నుంచి జరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు. జేడైట్ తక్కువొచ్చింది, దాని మీద లెక్కకట్టే పీడనమూ తక్కువొచ్చింది. ఆరు నెలల డేటా పక్కన పెట్టి మొదటి నుంచి చేశాను. అందుకే అందరికీ చెబుతున్నాను: బీమ్ వెడల్పు చేయండి, సోడియం ముందు కొలవండి. వీలైతే ఫెర్రస్, ఫెర్రిక్‌లను నేరుగా విడదీసి చూపే మోస్‌బాయర్ పరీక్ష చేయించండి. కాకపోతే ఒక్క అంకె రాయకండి, ఫెర్రిక్ సున్నా నుంచి సగం దాకా మార్చి వచ్చే పరిధి మొత్తం రాయండి.

గార్నెట్ కనిపిస్తే అధిక పీడనమే అన్న మాట కూడా వదిలేయండి. విశాఖ కైలాసగిరి కొండ రాయి ఖొండలైట్ నిండా గార్నెట్టే. దాని పక్కన ఉండేది ఎక్కువ వేడిలో ఏర్పడే సిల్లిమనైట్, ఎక్కువ పీడనంలో ఏర్పడే కయనైట్ కాదు. అది ప్రధానంగా వేడి చూసిన రాయి.

చాలా లోతులో ఏర్పడే క్వార్ట్జ్ అధిక పీడన రూపం కోయసైట్. అది దొరకలేదు కాబట్టి రాయి అంత లోతుకు వెళ్లలేదనడమూ తప్పే. పైకి వస్తున్నప్పుడు కోయసైట్ క్వార్ట్జ్‌గా మారుతుంది. సాంద్రత 2.92 నుంచి 2.65కు తగ్గుతుంది కాబట్టి ఉబ్బుతుంది. గార్నెట్ లాంటి గట్టి ఖనిజం లోపల బిగుసుకుపోయిన ముక్కలే సాధారణంగా మిగులుతాయి, చుట్టూ కిరణాల్లాంటి పగుళ్లతో. ఆల్ప్స్‌లోని డోరా మైరా నుంచి 1984లో షోపాన్ ప్రకటించిన కోయసైట్ అలా గార్నెట్‌లో దాగి ఉన్నదే. లద్దాఖ్ త్సో మొరారి రాళ్లలోనూ గార్నెట్ లోపలే వెతకాలి.

ఆ అమ్మాయి సోమవారం థిన్ సెక్షన్లన్నీ (మైక్రోస్కోప్‌లో చూసే పలుచని రాతి ముక్కలు) తెస్తానంది. గార్నెట్లలో పగుళ్లు చూడటంతోనే మొదలుపెడతాం.