ఎల్ డొరాడో బంగారం ఎంత మందం?

బంగారు నగరంగా కథల్లో చెప్పే ఎల్ డొరాడో నిజానికి ఎక్కడా లేదు. కొలంబియాలోని గ్వాటవీటా సరస్సులో, అక్కడి ముయిస్కా అనే ఆదివాసీ ప్రజల కొత్త నాయకుడు ఒంటినిండా బంగారు పొడి పూసుకుని తెప్ప మీద వెళ్ళి కానుకలు నీళ్ళలో విడిచేవాడని చెప్పుకునేవారు. నోళ్ళు మారేకొద్దీ ఆ మనిషి కథ నగరం కథగా పెరిగింది. ఇది చాలామందికి తెలిసిందే. అంతకన్నా అద్భుతమైనది అక్కడి కంసాలుల పనితనం.

స్పానిష్ సైనికులు చూసి మురిసిన నగల్లో చాలావరకు మేలిమి కాదు. బంగారం, రాగి కలిసిన తుంబాగా. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. బరువులో నాలుగు పాళ్ళు బంగారం, ఒక పాలు రాగి కలిపితే సుమారు 910కే కరుగుతుంది. గొట్టాలతో నోటితో ఊది నిప్పు రాజేసేవాళ్ళకు ఈ తేడా ఎంతో మేలు. పోతపోసిన వస్తువు మేలిమికన్నా గట్టిగా కూడా ఉంటుంది.

అయితే రాగి పాలు పెరిగేకొద్దీ రంగు ఎర్రబడుతుంది. దానికి వాళ్ళ ఉపాయం బంగారం పూయడం కాదు, పైనుంచి రాగిని తీసేయడం. వస్తువును నిప్పుల మీద కాలిస్తే ఉపరితలంలోని రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొర కడుతుంది. బంగారం కదలదు. పుల్లటి మొక్క రసంలో ముంచితే ఆ నలుపు కరిగిపోతుంది. చింతపండుతో రాగి చెంబు తోమితే జరిగేదీ ఇదే. అక్కడ వాడింది మన పులిచింత ప్రజాతికే చెందిన మొక్క అని, అందులోని ఆక్సాలిక్ ఆమ్లమే ఆ పని చేసిందని పరిశోధకుల అభిప్రాయం. కాల్చడం, ముంచడం మళ్ళీమళ్ళీ చేస్తే పైన సన్నని బంగారు పొర మిగులుతుంది. రాగి పోయిన చోటల్లా సూక్ష్మమైన ఖాళీలే కాబట్టి అది మొదట వెలవెలబోతూ ఉంటుంది. నున్నటి రాయితో గట్టిగా రుద్దితే ఆ ఖాళీలు మూసుకుని మెరుగు తేలుతుంది. మన బడుల్లో లోహం ఆక్సిజన్‌తో కలవడాన్ని నష్టంగానే చెబుతారు. అదే ఇక్కడ పనిముట్టయింది!

మెరుగు పెట్టాక మళ్ళీ ఎక్కువగా కాలిస్తే లోపలి రాగి పైకి పాకి రంగు చెడుతుంది. మిశ్రమంలో వెండి ఎక్కువుంటే మొక్క రసం దాన్ని కరిగించలేదు, నగ పాలిపోయి కనిపిస్తుంది. ఒరుసుకున్న అంచుల్లో ఎరుపు బయటపడుతుంది. శతాబ్దాలు మట్టిలో ఉంటే లోపలి రాగి చిలుమెక్కి పై పొరను లేపేస్తుంది.

ముయిస్కాలు మాత్రం దేవుడి కానుకగా పోసిన చిన్న బొమ్మలను చాలావరకు మెరుగే పెట్టకుండా, పోత గరుకుతోనే వదిలేసేవారు.

కొలంబస్ కాలంలోనే ఇలాంటి లోహాన్ని స్పెయిన్‌లో పరీక్షిస్తే 32 పాళ్ళలో బంగారం 18, వెండి 6, రాగి 8 అని తేలింది. గీటురాయి మీద తేలిగ్గా గీస్తే పై పొరే పలుకుతుంది. ఆకురాయితో గాటు పెట్టి లోపలి లోహాన్ని గీయాలి. కరిగిస్తే ఆ పొర రాగిలో కలిసిపోతుంది, నగ చూసి వేసుకున్న లెక్క మూసలో తప్పుతుంది. ముయిస్కాలను జయించిన స్పానిష్ సేనాని కెసాదా దండు 1538లో దోపిడీని పంచుకున్నప్పుడు మేలిమి బంగారాన్నీ తక్కువ రకం బంగారాన్నీ వేర్వేరుగా తూచి రాశారు.