పెట్రోల్ బండికి టర్బో: వేడి గొడవ ఎక్కడ మొదలైంది?

తిరుమల ఘాట్‌లో ఏ కారు బానెట్ నుంచి పొగ లేచినా, తిరుపతి షెడ్లలో పాత గొడవే మళ్లీ రేగుతుంది. కంపెనీ ఇచ్చింది కాక, బయట షెడ్డులో బిగించిన టర్బో (ఇంజన్ పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పంపు) వల్లేనా? తప్పు ఓనర్‌దా, మెకానిక్‌దా? రవాణా శాఖ మాట క్లుప్తం: కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

చాలామంది ఆ తీర్పు దగ్గరే కథ మొదలుపెడతారు. నా లెక్కలో అసలు మలుపు 2020 ఏప్రిల్. బీఎస్-6 అనే కాలుష్య నిబంధన వచ్చింది, మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంతకుముందు మన మెకానిక్‌లు టర్బో నేర్చుకున్నదే డీజిల్ మీద. 2007లో వచ్చిన స్విఫ్ట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పేవాళ్లున్నారు. డీజిల్‌లో గాలి ఎక్కువ, ఇంజన్ వదిలే పొగ వేడి తక్కువ: బరువు లాగేటప్పుడు కూడా 700–800 డిగ్రీలు. టర్బో ఇచ్చే ఆ ఊపుకు అలవాటుపడ్డవాళ్లు పెట్రోల్ బండిలోనూ అదే కావాలన్నారు. పెట్రోల్‌లో పొగ 900 దాటి 1,000కి చేరువవుతుంది. డీజిల్‌లో నిక్షేపంగా ఉన్న హోస్, వైరింగ్ అదే దూరంలో ఇక్కడ కరిగిపోతాయి.

షెడ్డు వాళ్ల వాదన వినాల్సిందే. టర్బోకు డబ్బిచ్చే కస్టమర్ హీట్ షీల్డ్‌కూ, టర్బైన్‌కు (టర్బోలో పొగ తిప్పే చక్రం ఉండే భాగానికి) తొడిగే బ్లాంకెట్‌కూ బేరమాడతాడు. టర్బో నెట్టే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మాత్రం పెద్దది, ముందు కనపడాలి. అది రేడియేటర్‌కు వెళ్లే గాలికి అడ్డం. పొగ పైపుకు వేడి ఆపడానికి చుట్టే పట్టీ అందరికీ కావాలి, కానీ ఆయిల్ పీల్చిందంటే అది దీపపు ఒత్తే. బానెట్ వెనక వాషర్లు పెట్టి ఎత్తడం ఇంకో సరదా. ఘాట్ స్పీడులో కాస్త వేడి పోతుంది. చెన్నై హైవేలో అద్దం ముందు ఒత్తిడి పెరిగి గాలి లోపలికే దూరుతుంది.

అన్నిటికన్నా కొండ మీద జరిగేది ముఖ్యం. సెకండ్ గేర్‌లో గాలి తగలకుండా ఎక్కి, పార్కింగ్ దొరగ్గానే తాళం తిప్పేస్తారు. ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, టర్బైన్ వేడి బేరింగ్‌కు పాకుతుంది, అక్కడి ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమని మెకానిక్‌లు చెబుతూనే ఉంటారు; దర్శనం టైమ్ టెన్షన్‌లో ఎవరు వింటారు? ఇలా నెలలు గడిచాక టర్బోలో ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ పోతుంది. ఎర్రగా కాలిన హౌసింగ్ మీద ఆయిల్ కారితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు.

ఇవేవీ తమకు చెప్పలేదంటారు ఓనర్లు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. చెప్పకుండా మార్చిన బండికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ కాబట్టి, నష్టపరిహారం అడగడానికి వాళ్లకు మిగిలేది ఆ షెడ్డే.