బిందె పక్కన పుట్టిన పాట

పిల్లలూ,

మొన్న ఆదివారం డాబా మీద పాడుకుంటున్నప్పుడు మీలో చిన్నవాడు "తాతా, పాటతోనే బతకొచ్చా?" అని అడిగాడు. అప్పటికి ఏదో చెప్పి ఊరుకున్నాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు మీకు బాకీ పడ్డాను. అందుకే ఈ ఉత్తరం.

నల్లగొండ జిల్లా నుంచి ఈ హైదరాబాద్‌కు వచ్చి ముప్పై ఐదేళ్ళు దాటింది. ఏ పార్టీ బృందంలోనూ లేను, ఏ కంపెనీలోనూ జీతానికి లేను. పాట నేనే రాసుకుంటాను, బాణీ నేనే కట్టుకుంటాను, ప్రోగ్రాం నేనే మాట్లాడుకుంటాను. అయిపోయాక డప్పులు ఆటోలో వేసుకుని వారాసిగూడ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

పాట ఎలా పుడుతుందో మీకు తెలిసిన పాట మీదే చెబుతాను. ఒక ఎండాకాలం మా గల్లీలో నీళ్ళకు బాగా కటకట అయింది. ట్యాంకర్ ఏ తెల్లవారుజామునో వచ్చేది. దాని మీద రాద్దామని కూర్చుని "దాహార్తితో నగరమంతా ఎదురుచూపులు" అని మొదలుపెట్టాను. రెండు చరణాలు పూర్తి చేసి పక్కింటి అవ్వకు పాడి వినిపించాను. అవ్వ బియ్యం చెరుగుతూ విన్నది. చేట ఆపి, "మేమెక్కడ ఎదురుసూస్తం బిడ్డా? బిందె లైన్ల పెట్టి దాని పక్కనే పంటం" అన్నది. ఇంటికొచ్చి ఆ కాగితం చింపేశాను. ఆ రాత్రే ఇది వచ్చింది:

ట్యాంకరెప్పుడొస్తదో ఉయ్యాలో
తెల్వదాయె తెల్లార్లు ఉయ్యాలో
బిందె లైన్ల బెట్టి నేను ఉయ్యాలో
బిందె పక్క పండుకుంటి ఉయ్యాలో

బాణీ బతుకమ్మ ఆడే ఆడవాళ్ళది. అసలు మాట అవ్వది. దాహార్తిని తీసేసి, అవ్వ మాట చప్పట్ల మీద సరిగ్గా పడేలా కూర్చడం వరకే నా పని. ఆ కూర్పుకు నాకు నాలుగు రోజులు పట్టింది. అందుకే ఎక్కడ పాడినా బాణీ ఎవరిదో, మాట ఎవరిదో ముందు చెప్పి మొదలుపెడతాను. మీరూ అలాగే చెప్పండి. గద్దర్ గారి పాటలు అంత దూరం వెళ్ళాయంటే పల్లె బాణీ, పల్లె మాట వాటిలో ఉన్నందుకే. 2023 ఆగస్టు 6న ఆయన పోయినప్పుడు ఎల్బీ స్టేడియంలో జనం ఏడుస్తూనే పాడారు. వంత పాడనివాళ్ళు నాకు కనిపించలేదు. ఇలాంటి పాటలూ సాహిత్యమేనని మన ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు ఏనాడో నిలబెట్టారు. జానపద గేయాల మీద ఆయనకు 1956లో డాక్టరేట్ వచ్చింది. ఊరి పాట పాడడానికి ఎక్కడా సిగ్గుపడకండి.

ఇక డప్పు. మీరు దాన్ని వాయించడమే చూశారు, కాచడం చూడలేదు. చెక్క చట్రానికి బిగించిన తోలు అది. వాన పడితే, గాలిలో తేమ ఉంటే వదులైపోతుంది. కొడితే తడిసిన అట్ట మీద కొట్టినట్టు చప్పగా మోగుతుంది. ఒకసారి బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక దగ్గర సరిగ్గా ప్రోగ్రాం ముందు జల్లు పడింది. గేటు బయట పాత పేపర్లు ముట్టించి డప్పులు కాచాం. మంటకు జానెడు దూరంలో తిప్పుతూ ఉండాలి. ఒక్కచోట ఆపితే తోలు కమిలి చిట్లుతుంది. గోటితో తట్టి చూస్తూ ఉండాలి. ముందు మొద్దుగా ఉన్న చప్పుడు కొంచెం కొంచెంగా పైకి లేచి, ఒక దగ్గర ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. తర్వాతే కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల, ఈ రెండు కర్రలూ పట్టి వాయించాలి. ఇది నాకు నేర్పింది మా ఊళ్ళో చావుకూ పెళ్ళికీ డప్పు కొట్టిన పెద్దమనిషి. ఆయన్ని ఊరు వాకిలి దాటి లోపలికి రానివ్వలేదు. ఇవాళ అదే డప్పు రవీంద్రభారతి స్టేజీ మీద మోగుతుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

డబ్బుల సంగతి దాచను. ఒక ప్రోగ్రాంకు పదిహేను వేలు ఇచ్చారనుకోండి. ఇద్దరు డప్పులవాళ్ళు, ఒక ఢోలక్, ఇద్దరు వంత. ఆటో, భోజనాలు. ముందు వాళ్ళ చేతిలో పెట్టి, మిగిలింది నేను తీసుకుంటాను. కొన్నిసార్లు ఏమీ మిగల్లేదు. ఫ్లెక్సీలు వచ్చేదాకా షాపులకు బోర్డులు రాసి ఇల్లు నడిపాను, ఆ తర్వాత మా ఆవిడ కుట్టుమిషన్ నడిపింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళకే ఆయన కూలి పనిలో ఉన్న ఫోటో పేపర్లలో చూసి ఆ రోజు అన్నం తినలేకపోయాను. పాటతో బతికాను కానీ పాట ఒక్కదానితోనే బతకలేదు. చిన్నోడా, ఇదే నీకు నా జవాబు. చేతిలో ఇంకో పని ఉంచుకో.

క్యాసెట్ల కాలంలో ఒక తప్పు చేశాను. ఒక కంపెనీవాళ్ళు స్టూడియోలో స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమన్నారు. ఎనిమిది పాటలకు రెండు వేలు ఇచ్చారు. పాట బయటికి వస్తే చాలనే తొందరలో చదవకుండా పెట్టేశాను. అందులో "సర్వహక్కులూ శాశ్వతంగా" అని ఉంది. తర్వాత బస్సుల్లో, పెళ్ళిళ్ళలో ఆ పాటలు వింటూ నిలబడ్డాను, రూపాయి రాలేదు.

కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పాట రాసినవాడి హక్కు బతికినన్నాళ్ళూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ ఉంటుంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగానే లెక్కిస్తుంది, ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. అందుకే "శాశ్వతంగా", "ప్రపంచమంతా" అనే మాటలు కనబడితే పెన్ను కింద పెట్టి పెద్దవాళ్ళకు చూపించండి. 2012లో చట్టం మార్చాక రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, హక్కులు తీసుకున్న కంపెనీతో సమాన వాటా ఉంది. దాన్ని కంపెనీకి వదిలేస్తున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఐపీఆర్‌ఎస్ అని 1969 నుంచి ఒక సొసైటీ ఉంది, ఆ రాయల్టీ వసూలు చేసి పెడుతుంది. మీ మొదటి పాట బయటికి వచ్చిన రోజే అందులో సభ్యత్వం గురించి కనుక్కోండి. ఎవరు కట్టారో తెలియని పాత ఊరి పాటలకు మాత్రం యజమాని లేడు, ఎవరైనా పాడుకోవచ్చు. అయితే ఇంకొకరు రికార్డు చేసిన ట్రాక్ ఎత్తుకుని మీ వీడియోకు అతికించకండి. ఆ రికార్డింగ్ వాళ్ళ కష్టం.

గొంతు గురించి రాయాల్సింది చాలా ఉంది. అది కాగితం మీద చెబితే రాదు, ఎదురుగా కూర్చోవాలి.

ట్యాంకర్ పాటకు చివరి చరణం ఇంకా లేదు. ట్యాంకర్ వచ్చాక ఏమవుతుందో నేను రాయలేకపోయాను. అవ్వ ఇప్పుడు కొడుకు దగ్గర ఘట్‌కేసర్‌లో ఉంది. వచ్చే ఆదివారం అందరం వెళ్ళి ఆమెను అడుగుదాం. ఆకాశం మబ్బుగా ఉంది, పాత పేపర్లు ఒక కట్ట తెచ్చుకోండి.

మీ తాత