కొబ్బరి పొట్టు సంచిలో దొరికిన జవాబు

మా పిల్లి పేరు మిరియం. నల్లగా, గుప్పెడంత ఉన్నప్పుడు తెచ్చుకున్నాం కాబట్టి ఆ పేరు పెట్టాం. ఇప్పుడు అయిదు కిలోల మగపిల్లి, అయినా పేరు అలాగే ఉండిపోయింది. నిరుడు ఆషాఢంలో ఒక పొద్దున్న లేచి చూస్తే, అమ్మ ఉతికి మడతపెట్టిన దుప్పట్ల మీద పళ్ళెమంత తడి మచ్చ. వాసన సంగతి చెప్పక్కర్లేదు. అక్కడికి రెండడుగుల్లోనే అది ఒంటికీ దొడ్డికీ కూర్చునే ట్రే ఉంది. అందులో కొత్తగా కొన్న సువాసనల పొడి ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. ఒక్క కాలి గుర్తు లేదు.

"కక్ష కట్టింది రా. రాత్రి చేప ముక్క వెయ్యలేదుగా, అందుకే" అంది అమ్మ.

అమ్మ ఒక్కతే కాదు, పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చే మాట ఇదే. పొగరు, పంతం, పగ. నిజానికి మనల్ని సాధించాలని దుప్పటి తడపడం పిల్లి బుర్రలో పుట్టే ఆలోచన కాదు. కూర్చుని పోసే పిల్లికి చాలావరకు రెండే చిక్కులు ఉంటాయి. ఒంటికి పోసేటప్పుడు నొప్పి పుడుతూ ఉండాలి, లేదా ఆ ట్రే నచ్చకపోయి ఉండాలి. మిగతా కారణాలు చాలావరకు ఈ రెంటికీ పిల్లలే.

మా నాన్నమ్మ కాలంలో ఈ గొడవే లేదు. కోనసీమలో ప్రతి ఇంటికీ పెరడు ఉండేది. పొయ్యి బూడిద పోసే మూల ఒకటి, కొబ్బరి చెట్ల పాదులు, పక్కింట్లో గోడ కడుతుంటే వీధిలో ఇసుక కుప్ప. కొత్తగా ఇల్లు కట్టుకునేవాడు తెప్పించిన గోదావరి ఇసుకలో మొదటి వాటా ఊళ్ళో పిల్లులదేనని మేస్త్రీలందరికీ తెలుసు. ఇప్పుడు అమలాపురంలోనూ భీమవరంలోనూ పిల్లులు మూడో అంతస్తులో పుట్టి మూడో అంతస్తులోనే పెరుగుతున్నాయి. పెరడు మొత్తాన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో కుదించి ఇచ్చాం. అందులో ఏది తక్కువైందో పిల్లి నోటితో చెప్పలేదు కదా, దుప్పటి మీద చెబుతుంది.

ముందుగా ఆ వాసన గురించి చెప్పుకోవాలి. ఇంటి పిల్లులన్నీ పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతేనని 2007లో జన్యు పరిశోధనతో తేలింది. నీళ్ళు అరుదుగా దొరికే నేల అది. వేటాడిన ఎలుక ఒంట్లో ఉన్న తడితోనే సరిపెట్టుకుని, ఉన్న నీటిని ఒంట్లోనే ఆపుకోవడం ఆ జంతువుకి అలవాటైంది. మనిషి కిడ్నీ మూత్రాన్ని ఎంత చిక్కగా చేయగలదో, పిల్లి కిడ్నీ దానికి రెండు రెట్లకు మించి చిక్కబరచగలదు. మా ఇంటి చుట్టూ కాలవలే. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ ఈ డెల్టాకి నీటి కరువు పెద్దగా తెలీదు. ఆ కాలవగట్టునే కూర్చునే మిరియం మాత్రం రోజుకి నాలుగు గుక్కలు తాగితే గొప్ప. డెల్టాలో ఉన్నా దాని కిడ్నీలు ఎడారివే.

చిక్కదనానికి తోడు ఫెలినిన్ అని ఇంకోటి ఉంది. గంధకం ఉన్న అమైనో ఆమ్లం అది, పిల్లి మూత్రంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. పోసిన వెంటనే పెద్ద వాసన ఉండదు. గాలి తగిలి ఫెలినిన్ మెల్లగా విరుగుతూ గంధకపు ఆవిర్లను వదులుతుంది. అందుకే పొద్దున్న తుడిచిన చోట మధ్యాహ్నానికి కంపు పెరిగినట్టు ఉంటుంది. దీని తయారీని కాక్సిన్ అనే ప్రోటీన్ నడిపిస్తుందని 2006లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లుల్లో ఫెలినిన్ ఎక్కువ. వీధి గండుపిల్లి మెట్ల మీద పోసి వెళితే వీధంతా తెలియడం అందుకే.

ఆ రోజు నేను చేసిన మొదటి పని తప్పుడు పని. ఫినాయిల్ పోసి కడిగాను. మన ఇళ్ళలో కంపు అంటే చెయ్యి ముందు ఫినాయిల్ సీసా మీదకే పోతుంది. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి పదార్థాలను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మన కాలేయం వాటికి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి మూత్రంలోకి తోసేస్తుంది. ఆ పని చేసే ముఖ్యమైన ఎంజైము ఒకటి పిల్లుల్లో పనిచెయ్యదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది. పారాసిటమాల్ కూడా ఇదే కారణంతో పిల్లికి విషం. మనం వేసుకునే మాత్ర ఒక్కటి చాలు, పిల్లి చనిపోవచ్చు. "పాపం నొప్పిగా ఉన్నట్టుంది" అని సగం మాత్ర నీళ్ళలో కలిపి పట్టించే దయగలవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. బీరువాల్లో వేసే కలరా ఉండలు కూడా పిల్లికి అందకూడదు. వరదలప్పుడు చల్లే బ్లీచింగ్ పౌడర్‌ని మూత్రం మీద చల్లడమూ మంచిది కాదు. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాతో అది కలిస్తే ఊపిరితిత్తులను మండించే వాయువు పుడుతుంది, అది మనకే ప్రమాదం. ముందు పొడి గుడ్డతో అద్ది తడిని పీల్చేయాలి. తరవాత ఎంజైములున్న బట్టల సబ్బు పొడి నీళ్ళలో కలిపి నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి ఎండలో పడెయ్యాలి. ఆషాఢంలో ఎండ ఎక్కడిది అంటే నా దగ్గరా జవాబు లేదు, ఫ్యాను కింద మూడు రోజులు ఆరబెట్టాను.

రెండో పని మాత్రం సరిగ్గానే చేశాను. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మగపిల్లి ట్రే మానేస్తే ముందు అడగాల్సింది ట్రే సంగతి కాదు, ఒంటికి వస్తోందా లేదా అన్నది. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నం. స్ఫటికాలూ జిగురూ కలిసి ఒక బిరడాలా తయారై దాన్ని మూసేస్తాయి. అప్పుడు పిల్లి మాటిమాటికీ కూర్చుంటుంది, ముక్కుతుంది, అరుస్తుంది, వెనక భాగం నాక్కుంటుంది, రెండు చుక్కలు కూడా పడవు. చూసేవాళ్ళకి అది మలబద్ధకంలా అనిపిస్తుంది. అలా అనుకుని ఆముదం పట్టించిన ఇల్లు నాకు తెలుసు. ఆ పిల్లి మర్నాటికి లేదు. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. రేపు చూద్దాంలే అనుకునే జబ్బు కాదిది, అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే.

డాక్టరు మిరియం పొట్ట పట్టి చూశాడు. మూత్రాశయం మెత్తగానే ఉంది. మూత్రం పరీక్షలో రక్తమూ లేదు, చీమూ లేదు. "ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. వయసులో ఉన్న పిల్లులకు రక్తం కలిసి బొట్లు బొట్లుగా మూత్రం వస్తే, ఎక్కువసార్లు పరీక్షలో క్రిములేమీ దొరకవు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు దశాబ్దాల పాటు ఈ జబ్బు వెంట పడ్డాడు. ఇది ఒక్క మూత్రాశయం జబ్బు కాదనీ, టెన్షన్‌కి ఒళ్ళంతా స్పందించే తీరులో ఉన్న తేడా అనీ ఆయన వాదన. దాక్కునే చోటు, ఎత్తున కూర్చునే చోటు, ఆటలు, వేళకి తిండి, ఇలా ఇంటి వాతావరణం మారిస్తే చాలా పిల్లులు కుదుటపడ్డాయి. మన దగ్గర టెన్షన్ ఎప్పుడంటే, సంక్రాంతిని చూస్తే చాలు. ఇంటి నిండా చుట్టాలు, మంచం కింద సూట్‌కేసులు, కనుమ నాడు ప్రభల తీర్థంలో బాణసంచా మోతలు. ఆ నాలుగు రోజులూ అటక మీదే గడిపిన పిల్లి అయిదో రోజు చాప తడిపితే దాన్ని తిట్టి లాభం లేదు.

ముసలి పిల్లుల సంగతి వేరు. పన్నెండేళ్ళు దాటిన పిల్లులకి ఎక్స్‌రేలు తీసి చూస్తే నూటికి తొంభైకి కీళ్ళ అరుగుదల కనిపించిందని 2002లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అంచు ఎత్తుగా ఉన్న ట్రేలోకి అవి కాలెత్తలేవు. అంచు కోసిస్తే సగం సమస్య తీరుతుంది. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాటికి మూత్రం ఎక్కువ వస్తుంది, ట్రే త్వరగా నిండిపోతుంది. గోడకి వెనక్కి తిరిగి నిలబడి, తోక వణికిస్తూ చిమ్మితే మాత్రం అది ట్రే గొడవే కాదు, హద్దులు గీసుకోవడం. కిటికీ గ్రిల్లు అవతల వీధి గండుపిల్లి తిరుగుతోందేమో చూడండి. ఆపరేషన్ చేయిస్తే మగపిల్లుల్లో పదింట తొమ్మిది ఈ పని మానేస్తాయి.

మిరియం చిమ్మలేదు, కూర్చుని పోసింది. మచ్చ నేలబారుగా ఉంది, చిన్న చెరువంత ఉంది. జబ్బూ లేదు. అంటే తప్పు ట్రేదే.

డాక్టరు అడిగిన ప్రశ్న దారంతా నమిలాను. మారినవి రెండు. ఏడాదిగా మేం ట్రేలో ఇసుక వాడేవాళ్ళం. వానలు పట్టాక మేడమీద కుప్పగా పోసిన ఇసుక తడిసి ముద్దయింది, అందుకే లావెండర్ వాసన వేసే పొడి తెప్పించాం. రెండోది, ట్రేని వరండాలోంచి వాషింగ్ మెషిన్ పక్కకి జరిపాం. అది తిరిగేటప్పుడు గది మొత్తం దడదడలాడుతుంది. మనకి ఆహ్లాదంగా ఉండే సువాసన, మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన ముక్కుకి ముఖం మీద అత్తరు సీసా ఒంపినట్టు ఉంటుంది. అందులో కూర్చుని పని కానియ్యమంటే ఎలా?

ఈ పొడి పుట్టిన కథా మాలాగే పాడైన ఇసుకతోనే మొదలైంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో కాసోపొలిస్ అనే చిన్న ఊరు. 1947 చలికాలంలో ఒకావిడ పిల్లి కోసం ఉంచుకున్న ఇసుక కుప్ప గడ్డకట్టింది. బూడిద వాడితే ఇంటినిండా నల్లటి అడుగులు. పక్కనే కార్ఖానాలకు బంకమట్టి అమ్మే ఎడ్వర్డ్ లో అనే కుర్రాడు ఆమెకి కాస్త మట్టి గుళికలు ఇచ్చాడు. అవి తడిని పీల్చుకున్నాయి, ఇల్లు మసి కాలేదు. ఆ సంచులే పెద్ద వ్యాపారమయ్యాయి. తడి తగిలితే ఉండకట్టే రకం 1980లలో వచ్చింది. అది బెంటొనైట్ అనే మట్టి, మన దేశంలో గుజరాత్ కచ్‌లో, రాజస్థాన్ బాడ్మేర్‌లో తవ్వుతారు. దాని పొరల మధ్యకి నీళ్ళు దూరి ఉబ్బుతాయి. ఎండాకాలం మా వరి పొలాలు పిడికిలి దూరేంత నెర్రెలు విచ్చి, తొలకరికి మళ్ళీ పూడుకుపోవడం చూశారుగా? దక్కన్ నల్లరాతి నేలల్లోంచి గోదావరి మోసుకొచ్చిన బంకమన్నులో ఉన్నదీ అదే జాతి ఖనిజం. కొరియర్‌లో తెప్పించుకున్న పొడికి మా చేలోనే దగ్గరి చుట్టం ఉందన్నమాట. అలాగని చేలో మట్టి తెచ్చి పొయ్యకండి. అది ఆరితే గడ్డ, తడిస్తే జారుడు, పిల్లి పాదాలకి ఏదీ నప్పదు.

పిల్లికి కావలసింది పాదాల కింద వదులుగా, సన్నగా జారే నేల. మూడు నాలుగు వారాల వయసులోనే పిల్లపిల్లి తనంతట తాను పొడిపొడిగా ఉన్నదేదైనా గీకడం మొదలుపెడుతుంది. అప్పుడు పాదానికి తెలిసిన నేలనే తరవాత వెతుక్కుంటుంది.

అయిదో రోజు జవాబు దొరికింది. మేడమీద కుండీల కోసం అమ్మ కొబ్బరి పొట్టు సంచి ఒకటి పెట్టుకుంది, పీచు తీసే మిల్లు దగ్గర తెచ్చిన గోధుమరంగు పొట్టు. రేకు కింద ఉంది కాబట్టి తడవలేదు. మూతి విప్పి చూస్తే మధ్యలో చిన్న గుంట, గుంట మీద శ్రద్ధగా లాగి కప్పిన పొట్టు. అమ్మ వేలితో కెలికి, వాసన చూసి, సంచి నా కాళ్ళ దగ్గరికి తోసింది. "ఇదిగో, మీవాడి అడ్రసు."

ఆ సాయంత్రం పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి తెచ్చి, ముందువైపు అంచు అయిదు వేళ్ళ ఎత్తుకి కోసి, మూడంగుళాల మందాన పొట్టు పోశాను. టబ్బు పొడవు పిల్లికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన దుకాణాల్లో దొరికే ట్రేలు చాలావరకు ఆ కొలతకి చిన్నవే. దాన్ని పాత చోట, వరండాలోనే పెట్టాను. పాత ట్రేని కూడా కడిగి, వాసన లేని పొడి పోసి ఇంకో మూల ఉంచాను. పిల్లులు ఎన్నుంటే అంతకి ఒకటి ఎక్కువ ట్రే అన్నది పశువైద్యులు చెప్పే లెక్క. మిరియం వచ్చింది, వాసన చూసింది, కుడికాలితో నాలుగు సార్లు గీకింది. ఆ గీకుడు చప్పుడు వినేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

రోజూ ఎత్తెయ్యడం తప్పదు. మురికి ట్రేని పిల్లి ఒప్పుకోదు, అది ఒక కారణం. రెండోది మనకోసం. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి వస్తే, అది మనకి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశం చాలా తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్ళు చెయ్యాలి. తిండిలో నీళ్ళు కలిపితే మూత్రం పలచబడుతుంది. చేప ఉడికించిన నీళ్ళు మిరియంకి ప్రాణం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి పడకముందే తీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. పులుసు గిన్నె నాకనివ్వడం మానేశాం.

కొబ్బరి పొట్టుకీ దాని తంటాలున్నాయి. బెంటొనైట్‌లా ఉండకట్టదు, కాబట్టి తడిసిన మేర చూసి తియ్యాలి, మూడు నాలుగు రోజులకి మొత్తం మార్చాలి. వానాకాలంలో సంచి మూతి బిగించకపోతే బూజు పడుతుంది. అన్నిటికన్నా పెద్ద తంటా, మిరియం బయటికొచ్చి కాళ్ళు దులుపుకోవడం. వరండా నుంచి వంటింటి గడప దాకా గోధుమరంగు పొట్టు. అమ్మ రోజుకి రెండుసార్లు ఊడుస్తోంది. పిల్లి కక్ష మాట మానేసింది గానీ, ఆ పొట్టు తెచ్చినవాడి మీద మాత్రం చీపురు చేతిలో ఉన్నంతసేపూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.