పాతబట్టల ముందు వీనస్

2023 జూలైలో ఇటలీలోని నేపుల్స్‌లో, నగరపాలక భవనం ముందున్న కూడలిలో ఒక భారీ శిల్పం మంటల్లో కాలిపోయింది. వీనస్ దేవత మనకు వీపు చూపిస్తూ, గుట్టగా పోసిన పాతబట్టల వైపు తిరిగి నిలబడి ఉంటుంది. ఇటలీ కళాకారుడు మికెలాంజెలో పిస్తొలెట్టో దీన్ని మొదట చేసింది 1967లో. తోటల్లో అలంకారానికి పెట్టే వీనస్ బొమ్మను, తన అద్దాల చిత్రాలను (అద్దంలా మెరిసే పలకల మీద చేసిన బొమ్మలను) తుడిచిన గుడ్డలను ఒకచోట చేర్చాడు, అంతే.

అప్పటి ఇటలీ బాగా సంపాదిస్తున్న దేశం. ఉత్తర ఇటలీలోని తూరిన్‌లో ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి దక్షిణాది నుంచి కూలీలు రైళ్లకొద్దీ వస్తున్నారు. కళలో అమెరికా హవా. 1964 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో చిత్రకళ పెద్ద బహుమతి కూడా అమెరికన్ రౌషెన్‌బర్గ్‌కే దక్కింది. ఆ తళతళలు నచ్చని కుర్రాళ్లు బొగ్గు, మట్టి, గోనెసంచి, చెట్టుకొమ్మ పట్టుకున్నారు. గోనెసంచులనైతే ఇటలీ చిత్రకారుడు అల్బెర్తో బుర్రీ 1950లలోనే కాన్వాసుగా వాడాడు.

వీళ్లకు పేరు పెట్టింది 27 ఏళ్ల విమర్శకుడు జెర్మానో చెలాంత్. 1967 సెప్టెంబరులో జెనోవాలో జరిపిన ప్రదర్శనకు ‘ఆర్తె పోవెరా’ అన్నాడు, అంటే పేద కళ. పేదల గురించిన కళ అనుకుంటే పొరపాటే. పోలండ్ దర్శకుడు గ్రొతోవ్‌స్కీ సెట్టింగులు, మేకప్ తీసేసి నటుణ్ని మాత్రమే మిగిల్చిన ‘పేద రంగస్థలం’ నుంచి ఆ మాట వచ్చింది.

వీళ్ల పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది జొవాన్నీ అన్‌సెల్మో 1968లో చేసిన ‘తినే శిల్పం’. నల్లరాతి దిమ్మెకు చిన్న రాయిని రాగితీగతో కట్టి, మధ్యలో లెట్యూస్ అనే సలాడ్ ఆకులు ఇరికించాడు. ఆకులు వాడిపోతే తీగ వదులై చిన్న రాయి కింద పడుతుంది. కాబట్టి ఎవరో ఒకరు తాజా ఆకులు మారుస్తూ ఉండాలి. రాయికి రోజూ మేత అన్నమాట!

1969 జనవరిలో అదే గుంపులోని యానిస్ కునెల్లిస్ ఇంకో అడుగు ముందుకేశాడు. రోమ్‌లో ఒకప్పటి గ్యారేజీలో నడిచే గ్యాలరీలో 12 బతికున్న గుర్రాలను కట్టేశాడు. గడ్డి, పేడ, వాసన. కొని ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ లేదు. అదే ఏడాది శరత్తులో ఫ్యాక్టరీల్లో సమ్మెలు భగ్గుమన్నాయి.

మార్కెట్‌ను తప్పించుకోవాలన్న పట్టుదల మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. అన్‌సెల్మో ఆకుల రాయి ఇప్పుడు పారిస్‌లోని పాంపిడూ మ్యూజియం సొత్తు. నేపుల్స్ కూడలిలో 2024 మార్చిలో కొత్త వీనస్‌ను నిలబెట్టారు. ముందు మళ్లీ పాతబట్టల గుట్ట.