టాన్సిల్స్ కనిపించని గొంతు

నాలుకను అదిమిపట్టి టార్చిలైటు వేసి చూస్తే పిల్లల గొంతులో ఇరువైపులా టాన్సిల్స్ కనిపిస్తాయి. మాటిమాటికీ జబ్బుపడే పిల్లల్లో అవి ఉబ్బి ఉండటం మామూలే. అలాంటిది, ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చి, చెవుల్లో చీము ఆగకుండా కారే మగపిల్లవాడి గొంతులో ఆ చోటు నున్నగా ఉంటే? టాన్సిల్స్‌లో ఎక్కువగా ఉండేవి బి కణాలు. క్రిములను ఎదుర్కొనే యాంటీబాడీలు తయారయ్యేది వాటి నుంచే. అవి లేకపోతే టాన్సిల్స్ పెరగవు. పుట్టుకతోనే బి కణాలు కొరవడే ఈ జబ్బు పేరు ఎక్స్-లింక్డ్ అగామాగ్లోబ్యులినీమియా.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఇలాంటి ఎనిమిదేళ్ల బాలుడి గురించి రాశాడు. నాలుగేళ్లలో 19 సార్లు ఇన్ఫెక్షన్ ఆ పిల్లవాడి ఒళ్లంతా పాకింది. పదిసార్లు న్యుమోకాకస్ బాక్టీరియా దొరికింది. రక్తరసిలోని ప్రొటీన్లను విద్యుత్తుతో విడదీసి చూస్తే, యాంటీబాడీలు ఉండే గామా గ్లోబ్యులిన్ భాగం అసలు లేదు. ఇతరుల రక్తం నుంచి తీసిన గామా గ్లోబ్యులిన్‌ను నెలనెలా ఇస్తే ఆ ఇన్ఫెక్షన్లు ఆగిపోయాయి. జబ్బునూ మందునూ ఒకే వ్యాసంలో చెప్పగలిగే అదృష్టం ఎంతమంది వైద్యులకు దక్కుతుంది!

కారణం మాత్రం 1993 దాకా తెలియలేదు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే బీటీకే అనే జన్యువు దెబ్బతింటే, ఎముక మజ్జలో బి కణాల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్‌లు ఉంటాయి కనుక ఒకటి చెడినా గడిచిపోతుంది. మగపిల్లలకు ఉన్నది ఒక్కటే. అందుకే వైద్యులు తల్లిని అడిగే ప్రశ్న: "మీ అన్నదమ్ములెవరైనా పసితనంలో పోయారా?" మనం మురిసిపోయే మేనమామ పోలిక ఇక్కడ గుండెల్లో రాయి వేస్తుంది. అయితే తల్లి తరఫున ఎవరికీ లేకపోయినా కొందరిలో ఈ మార్పు కొత్తగా పుడుతుంది.

ఈ పిల్లలు పుట్టిన కొత్తలో బాగానే ఉంటారు. కడుపులో ఉండగా తల్లి మాయ గుండా ఇచ్చిన ఐజీజీ యాంటీబాడీలే వాళ్లకు సద్దిమూట. ఆరు నెలలు దాటేసరికి అది దాదాపు ఖాళీ అవుతుంది, జబ్బులు మొదలవుతాయి.

బడికి వెళ్లే పిల్లలకు జలుబులు సహజం. వాటిని చూసి బెంగపడనక్కరలేదు. ఈ పిల్లల్లోనూ టి కణాలు అనే మరో రకం రక్షక కణాలు పనిచేస్తాయి కనుక చాలా వైరస్‌లను తట్టుకుంటారు. లొంగిపోయేది న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాకు, ఎంటరోవైరస్‌లకు. పోలియో వైరస్ ఆ రెండో కోవకే చెందుతుంది. అందుకే సజీవ వైరస్ ఉండే పోలియో చుక్కలు వీళ్లకు వేయకూడదు, ఇంజెక్షన్ రూపంలోని టీకా వేరు, దానిలో సజీవ వైరస్ ఉండదు. మిగతా పిల్లలకు చుక్కలు మానేయమని కాదు సుమా.

ప్రతిసారీ యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది, ప్రతిసారీ వేరే వైద్యుడు చూస్తాడు. ఏళ్ల తరబడి జబ్బు పట్టుబడకపోవడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం. పాత చీటీలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఇమ్యునోగ్లోబ్యులిన్ల (అంటే యాంటీబాడీల) రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

చికిత్స ఇప్పటికీ బ్రూటన్ దారిలోనే సాగుతోంది. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఐజీజీని నరంలోకి మూడు నాలుగు వారాలకోసారి, లేదా చర్మం కింద ఇంకా తరచుగా, జీవితాంతం ఎక్కించుకోవాలి. ఇచ్చినదానిలో సగం దాదాపు మూడు వారాల్లో కరిగిపోతుంది మరి. పైగా శ్వాసనాళాల లోపలి పొరకు కాపలా కాసే ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీ ఆ సీసాలో దాదాపు ఉండదు. అందుకే క్రమం తప్పకుండా మందు తీసుకుంటున్నవాళ్లకు కూడా ఊపిరితిత్తులను అప్పుడప్పుడు పరీక్షిస్తూనే ఉంటారు.